సాన్ మార్తీన్ గ్వయాకిల్ నుంచి ఎందుకు వెళ్లిపోయాడు?

#1 కొండదారి

అందరికీ నమస్కారం. దక్షిణ అమెరికా ఉత్తర భాగాన్ని స్పెయిన్ నుంచి విడిపించిన బొలీవార్ మీద ఈ విభాగంలో రెండు మూడు చర్చలు జరిగాయి. హోసే దె సాన్ మార్తీన్ మీద మాత్రం వెతికితే ఒక్కటీ దొరకలేదు. అందుకే ఇది మొదలుపెడుతున్నాను.

నేను రెండేళ్లు చిలీ రాజధాని సాంటియాగోలో ఉద్యోగం చేశాను. ఒక జనవరిలో, అంటే అక్కడ నడి వేసవిలో, బస్సెక్కి ఆండీస్ దాటి అర్జెంటీనాలోని మెండోసాకు వెళ్లాం. చిలీ వైపు రోడ్డు మెలికలు తిరుగుతూ ఎక్కుతూనే ఉంటుంది. పైన 3,200 మీటర్ల ఎత్తులో సొరంగం దాటితే అర్జెంటీనా. మెత్తని సీట్లో కూర్చుని వెళ్తున్నా నాకు తల దిమ్మెక్కింది, కడుపులో తిప్పింది. పక్క సీట్లో ఉన్న మెండోసా పెద్దాయన కిటికీలోంచి కింద లోయను చూపించి, మా ఫిరంగులు ఈ దారినే వెళ్లాయి అన్నాడు. 'మా' అని ఎంత సొంతంగా అన్నాడో! అది 1817 నాటి మాట, స్పెయిన్ నుంచి చిలీని విడిపించడానికి సాన్ మార్తీన్ సైన్యం మెండోసా నుంచి ఆండీస్ దాటినప్పటిది.

ఆ రోజు నుంచి ఈ మనిషిని వదల్లేకపోతున్నాను. అర్జెంటీనా, చిలీ, పెరూ మూడు దేశాల స్వాతంత్ర్యంలోనూ ఆయన చెయ్యి ఉంది. 1822 జూలైలో, ఇప్పటి ఈక్వడార్‌లోని గ్వయాకిల్ ఓడరేవులో బొలీవార్‌ను కలిశాడు. రెండు రోజులు మాట్లాడుకున్నారు. ఆ రాత్రి ఆయన గౌరవార్థం నాట్య విందు నడుస్తుండగానే, ఎవరికీ చెప్పకుండా ఓడెక్కి వెళ్లిపోయాడు. రెండు నెలలు తిరక్కుండానే పెరూలో పదవి వదిలేశాడు. అప్పటికి ఆయనకు 44 ఏళ్లు. మిగిలిన 28 ఏళ్లలో మళ్లీ కత్తి పట్టలేదు.

ఎందుకు? త్యాగమా, అలకా, జబ్బా, ఓటమా? తెలిసినవాళ్లు చెప్పండి.

#2 పాత అట్లాసు

మంచి చర్చ మొదలుపెట్టారు కొండదారి గారూ. కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు సంగతి కొంచెం చెప్తాను.

పుట్టింది 1778 ఫిబ్రవరి 25న, యపెయూ అనే చిన్న ఊళ్లో. ఉరుగ్వే నది ఒడ్డున, ఒకప్పుడు జెసూయిట్ ఫాదర్లు గ్వరానీ ఆదివాసుల కోసం కట్టిన ఊరు అది. తండ్రి స్పెయిన్ రాజు కొలువులో అధికారి. పిల్లవాడికి ఆరేళ్లు వచ్చేసరికి కుటుంబం స్పెయిన్ చేరింది. 1789లో, పదకొండేళ్లకే, ముర్సియా రెజిమెంట్‌లో కేడెట్‌గా చేరాడు. ఉత్తర ఆఫ్రికాలో, ఫ్రాన్స్ సరిహద్దులో పోరాడాడు. 1808లో బైలెన్ దగ్గర నెపోలియన్ సైన్యాన్ని ఓడించిన యుద్ధంలో పతకం సంపాదించాడు.

1811లో రాజీనామా చేసేనాటికి స్పెయిన్ రాజు ఉప్పు తిని 22 ఏళ్లు. లండన్ మీదుగా 1812 మార్చిలో బ్యూనస్ ఎయిర్స్‌లో దిగాడు. అక్కడి మాట యాస కూడా అతనికి సరిగ్గా రాదు, స్పెయిన్ యాసే. గూఢచారి అయి ఉంటాడని అనుమానించినవాళ్లూ ఉన్నారు. ఈ 'బయటివాడు' అన్న సంగతి మర్చిపోకండి, గ్వయాకిల్ దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

#3 సుబేదార్ తాత

నేను పుస్తకాలు ఎక్కువ చదివినవాణ్ణి కాదు. కనిగిరి దగ్గర పల్లెటూరు మాది. ఆర్మీ సర్వీస్ కోర్‌లో జంతు రవాణా విభాగంలో చేసి రిటైరయ్యాను. ఖచ్చర్లతోనే, అంటే కంచర గాడిదలతోనే, హిమాలయాల్లో నా ఉద్యోగమంతా గడిచింది. కొండదారి బాబూ, ఆ సైన్యం ఎన్ని జంతువులతో కొండెక్కింది? ఎన్ని దిగాయి? లెక్క ఉంటే చెప్పు. అది తెలిస్తే ఆ జనరల్ ఎలాంటివాడో నాకు కొంత అర్థమవుతుంది.

#4 కొండదారి

సుబేదార్ గారూ, లెక్క ఉంది. 9,281 కంచర గాడిదలు, 1,600 గుర్రాలు బయల్దేరాయి. చిలీలో దిగింది సుమారు 4,300 కంచర గాడిదలు, 500 గుర్రాలు. మనుషులు సుమారు 5,200 మంది. అందులో సైనికులు దాదాపు 4,000, మిగతావాళ్లు బరువులు మోసి దారి బాగుచేసిన మెండోసా జనం.

సైనికులంతా కంచర గాడిదల మీదే ఎక్కారు. గుర్రాలను ఖాళీగా, పక్కన నడిపించుకుంటూ తీసుకెళ్లారు, అవతల దిగాక యుద్ధానికి కావాలి కాబట్టి. బయల్దేరే ముందు జంతువులన్నిటికీ లాడాలు కొట్టించారు. ఆ మైదానాల్లో గుర్రాలకు లాడాలు కొట్టే అలవాటే లేదు, మెత్తటి నేల కదా. ఈయన ముందుగా మనుషుల్ని పంపి రాళ్ల దారి ఎలా ఉందో తెలుసుకుని, లాడాలు లేకపోతే గిట్టలు నిలవవని తేల్చాడు.

తిండి కూడా చెప్పాలి. ఎండబెట్టిన గొడ్డు మాంసాన్ని, మన ఒట్టి తునకల్లాంటిదే, దంచి కొవ్వు, మిరపకారం కలిపి ముద్ద చేశారు. వేడి నీళ్లు, మొక్కజొన్న పిండి పోస్తే భోజనం తయారు. ఎత్తులో ఊపిరాడని జబ్బుకు ఉల్లి, వెల్లుల్లి. చలికి మెండోసా ద్రాక్షసారా. పైన చెట్టన్నది ఉండదు కనుక వంటచెరకు కూడా మోసుకెళ్లారు. నీళ్లకు సీసాలు లేవు. కబేళాల నుంచి ఆవు కొమ్ములు తెప్పించి వాటినే బుడ్లుగా చేశారు. చెప్పులకు తోలు ముక్కలు, లోపల పాత ఉన్ని గుడ్డలు.

తన స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, నాకు నిద్ర పట్టనివ్వనిది శత్రువు కాదు, ఈ పెద్ద కొండలు దాటడమే అన్నాడు.

#5 సుబేదార్ తాత

సగానికి పైగా పోయాయన్నమాట. చదవగానే ప్రాణం ఉసూరుమంది. ఖచ్చర్ జారితే అరవదు బాబూ. తాడు ఒక్కసారి బిగుస్తుంది, తర్వాత వదులవుతుంది. అంతే. ఆ వదులు చేతికి తెలుస్తుంది.

కానీ ఒక మాట. పోతాయని ముందే తెలిసి, పోయినా పని ఆగకుండా రెట్టింపు తీసుకెళ్లాడంటే ఆ మనిషికి కొండ తెలుసు. గుర్రాన్ని ఖాళీగా నడిపించడం కూడా. గుర్రం మీద కొండెక్కితే దిగాక ఆ గుర్రం నిలబడదు. ఉప్పు ఎలా ఇచ్చారు? రాత్రి ఎక్కడ ఆపారు? లాడం ఊడితే కొట్టడానికి కమ్మరి వెంట ఉన్నాడా?

#6 కొండదారి

కమ్మరి ఏమిటి, కొలిమి మొత్తం కదిలింది! ఫ్రై లూయిస్ బెల్త్రాన్ అని ఒక ఫ్రాన్సిస్కన్ మఠం ఫాదర్. మెండోసాలో ఆయుధాల కార్ఖానా అంతా ఆయనదే. చర్చి గంటలు కరిగించి ఫిరంగులు పోశాడు. వందలమంది పనివాళ్ల మధ్య, సుత్తి మోతల మీద అరిచి అరిచి గొంతు శాశ్వతంగా బొంగురుపోయిందని చెప్పుకుంటారు. ఫిరంగుల్ని పచ్చి తోలులో చుట్టి సన్నటి బండ్ల మీద కట్టాడు. బండి వెళ్లని చోట తాళ్లతో కొండ పక్కగా దింపారు. ఆయన లాస్ ఎరాస్ అనే అధికారి దళంతో ఉస్పయాతా దారిలో వెళ్లాడు, నేను బస్సులో వెళ్లిన దారి అదే. సాన్ మార్తీన్, చిలీ నాయకుడు ఓహిగ్గిన్స్, సోలెర్ అనే అధికారితో పెద్ద దళం ఉత్తరాన లోస్ పాతోస్ దారిలో వెళ్లింది. రెండు దారుల నడుమ 6,961 మీటర్ల అకాన్‌కాగ్వా శిఖరం.

బ్యూనస్ ఎయిర్స్‌లో పాలకుడు పుయెర్రెదోన్. సాన్ మార్తీన్ అడిగినవి పంపీ పంపీ విసిగి, దుప్పట్లు, కత్తులు, డేరాలు ఒక్కొక్కటీ లెక్కపెడుతూ ఉత్తరం రాశాడు. ఇక అడగొద్దు, అడిగితే నేను కోటలో దూలానికి ఉరేసుకున్నానన్న కబురు వింటావు అన్నాడు. ఆ ఉత్తరం చదివినప్పుడల్లా ఆ ఖాళీ ఖజానా కళ్ల ముందు కనిపిస్తుంది నాకు.

#7 మగ్గం ఇల్లు

చీరాల నుంచి. మాది నేత కుటుంబం. ఐదు వేల మందికి బట్ట ఎక్కడిది? ఆ చలికి నూలు ఆగదు కదా.

#8 కొండదారి

ఆగదండి. పక్కనే సాన్ లూయిస్ ప్రాంతంలో ఇళ్లలో ఉన్ని బట్ట నేసేవాళ్లు. అది వదులుగా, గాలి దూరేలా ఉండేది. మెండోసాలో తెహేదా అనే అతను తన నీటి మిల్లును మార్చి ఆ బట్టను తడిపి దంచి గట్టిపడేలా చేశాడు. నీలం రంగు అద్దారు. ఊరి ఆడవాళ్లు కూలి తీసుకోకుండా కుట్టారు. కొత్త దేశపు సైన్యానికి యూనిఫాం అలా వచ్చింది.

#9 మగ్గం ఇల్లు

నీటితో దంచే మిల్లు! మా నాన్నకు చదివి వినిపించాను. ఉన్ని కుదించుకుపోతుంది కాబట్టి ముందే వెడల్పు ఎక్కువ నేసి ఉంటారు అన్నారు. ధన్యవాదాలండి.

#10 నల్లరేగడి

ఇంతసేపూ చదువుతున్నాను. ఎవరూ ఎత్తని విషయం ఒకటి అడగాలి. ఆ పదాతి దళంలో ఉన్నదెవరు? 7వ, 8వ బెటాలియన్లు ఎవరివి? నల్లజాతి బానిసలవి. మెండోసా ఉన్న కూయో ప్రాంతంలో యజమానుల దగ్గర నుంచి బానిసల్ని తీసుకుని, సైన్యంలో చేరితే విముక్తి అన్నారు. చేరనంటే ఊరుకునేవాళ్లా? స్వేచ్ఛ కోసం తుపాకీ పట్టమన్నారు, ఆ తుపాకీ ముందు నిలబడి ఎక్కువగా చచ్చిందీ వాళ్లే. చిలీలో జరిగిన మైపూ యుద్ధంలో 8వ బెటాలియన్ ఎంత నష్టపోయిందో చూడండి. చకబూకో, మైపూ, తర్వాత పెరూ జ్వరాలు. బయల్దేరినవాళ్లలో చాలామంది మళ్లీ ఇల్లు చూడలేదు. జనరల్ గుర్రం మీద ఉన్న విగ్రహం ప్రతి ఊళ్లో ఉంది. ఆ సిపాయిల పేర్లు ఎన్ని తెలుసు మనకు?

ఇంకా ఉంది. మెండోసా జనం దగ్గర బలవంతపు చందాలు, ఆస్తుల జప్తు, జీతాల్లో కోత. 'జనం ఇష్టంగా ఇచ్చారు' అని రాసేస్తే సరిపోదు.

#11 పాత అట్లాసు

నల్లరేగడి గారు చెప్పినదాంట్లో కాదనడానికి ఏమీ లేదు. తన సొంత జీతంలో సగం కోసుకున్నాడు, నిజమే, కానీ జీతం కోసుకోవడం వేరు, బతుకు ఇవ్వడం వేరు.

ఒక్కటి కలుపుతాను. పెరూలో అధికారం చేతికొచ్చిన రెండు వారాలకే, 1821 ఆగస్టులో, ఇక మీదట బానిసలకు పుట్టే పిల్లలు స్వతంత్రులే అని ఆజ్ఞ ఇచ్చాడు. అదే నెలలో ఆదివాసుల మీద స్పెయిన్ వేసిన తలపన్ను రద్దు చేశాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఆ పన్నును వేరే పేరుతో మళ్లీ తెచ్చారు. పెరూలో బానిసత్వం పూర్తిగా పోవడానికి 1854 దాకా పట్టింది. కనుక ఆయన మొదలుపెట్టాడు, ముగించలేదు. బానిసలను వెంటనే అందర్నీ విడిపించే ధైర్యం చేయలేదు. లిమా జమీందార్లను దూరం చేసుకోవడానికి సిద్ధపడలేదు.

#12 నల్లరేగడి

తలపన్ను సంగతి నాకు తెలియదు. చెప్పినందుకు థాంక్స్. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

#13 జాబిల్లి

నాది వేరే బాధ. సాన్ మార్తీన్ భార్య రెమెదియోస్ గురించి ఎవరూ మాట్లాడలేదు. 1812 సెప్టెంబర్‌లో పెళ్లి. ఆయనకు 34, ఆ పిల్లకు 14. బ్యూనస్ ఎయిర్స్‌లో పెద్ద ఇల్లు వాళ్లది. మెండోసాకు కాపురానికి వెళ్లింది, సైన్యం కోసం తన నగలు ఇచ్చింది, మిగతా ఆడవాళ్ల చేత ఇప్పించింది. 1816లో అక్కడే కూతురు మెర్సెదెస్ పుట్టింది. సైన్యం కొండెక్కే సమయానికి పసిపిల్లతో పుట్టింటికి తిరిగి వచ్చేసింది. క్షయ జబ్బు. 1823 ఆగస్టులో పోయింది, ఇంకా 26 ఏళ్లు నిండలేదు. అప్పుడు ఆయన మెండోసాలోనే ఉన్నాడు, పదవి లేదు, సైన్యం లేదు. అయినా ఆఖరి చూపుకు రాలేదు. బ్యూనస్ ఎయిర్స్‌లో తన శత్రువులు దారిలో పట్టుకుంటారన్న భయం ఉందంటారు. నిజమే కావచ్చు. పదకొండేళ్లలో ఇద్దరూ ఒక కప్పు కింద ఉన్న రోజులన్నీ కలిపినా ఎన్ని?

మా అమ్మమ్మకు పదమూడేళ్లకు పెళ్లయింది. తాతయ్య మిలటరీ. అందుకే ఈ పేరు దగ్గరే ఆగిపోయాను.

#14 సుబేదార్ తాత

జాబిల్లి తల్లీ, మా ఆవిడ పక్కనే కూర్చుని ఇది విన్నది. ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్లింది. నేను ఇంట్లో లేని సంవత్సరాలు ఆమెకు వేళ్ల మీద లెక్క.

#15 గోదారి గట్టు

చర్చ అసలు ప్రశ్నకు రావాలి. మధ్యలో జరిగినవి ముక్తసరిగా చెప్తాను. 1817 ఫిబ్రవరి 12న చకబూకోలో గెలుపు, రెండు రోజులకు సాంటియాగో. అక్కడి పెద్దలు దేశాధినేత పదవి ఇస్తామంటే వద్దని, ఓహిగ్గిన్స్‌కు ఇప్పించాడు. ఊరి సభ బహుమతిగా ఇచ్చిన 10,000 పెసోలు గ్రంథాలయానికి ఇచ్చేశాడు. 1818 మార్చి 19 రాత్రి కాన్చా రయాదాలో శత్రువు చీకట్లో మీదపడితే సైన్యం చెల్లాచెదురైంది. లాస్ ఎరాస్ తన మూడు వేల పైచిలుకు మందిని చెదరకుండా వెనక్కి తెచ్చాడు కాబట్టి సరిపోయింది. పదిహేడు రోజులకే, ఏప్రిల్ 5న, మైపూలో పూర్తి విజయం. 1820 ఆగస్టులో వాల్పరాయిసో నుంచి ఓడల్లో పెరూకు. 1821 జూలై 28న లిమాలో స్వాతంత్ర్య ప్రకటన.

ఇక గ్వయాకిల్. నేను బొలీవార్ అభిమానిని, ముందే చెప్తున్నాను. బొలీవార్ మోసం చేశాడు, సాన్ మార్తీన్ త్యాగం చేశాడు అనే కథ అర్జెంటీనా పాఠ్యపుస్తకాల నుంచి వచ్చింది. దానికి ఆధారం 1840లలో లఫోన్ అనే ఫ్రెంచి నావికుడు అచ్చువేసిన ఒక ఉత్తరం. సాన్ మార్తీన్ 1822 ఆగస్టు 29న బొలీవార్‌కు రాశాడని చెబుతారు. అసలు ప్రతి ఇంతవరకు దొరకలేదు. వెనెజువెలా చరిత్రకారులు దాన్ని నమ్మరు. ఆ గదిలో మూడో మనిషి లేడు. కాబట్టి బొలీవార్ మీద నేరం మోపకండి. ఆయన అప్పటికే ఉత్తరాన కారాబోబో యుద్ధం గెలిచి, తన సేనాని సూక్రే చేత కీటో గెలిపించి వచ్చినవాడు. సైన్యం ఉంది, వెనక కొలంబియా దేశం ఉంది. గ్వయాకిల్‌కు సాన్ మార్తీన్ కంటే రెండు వారాలు ముందే చేరి ఊరిని తన దేశంలో కలుపుకున్నాడు. యుద్ధంలో ముందు చేరడం తప్పు కాదు కదా!

#16 కొండదారి

గట్టు గారూ, లఫోన్ ఉత్తరం పక్కన పెట్టేద్దాం. 1848లో పెరూ అధ్యక్షుడు కాస్తీయాకు సాన్ మార్తీన్ రాసిన ఉత్తరం ఉంది కదా, దానిమీద ఈ గొడవ లేదు. అందులో ఆయనే చెప్పాడు, నీ కింద పనిచేస్తానని బొలీవార్‌తో అన్నానని. తనకంటే అయిదేళ్లు చిన్నవాడితో ఆ మాట అన్నాడు. అది నన్ను కదిలిస్తుంది. అది నాటకం అనుకోలేను.

#17 గోదారి గట్టు

ఆ మాట అన్నాడనే నేనూ నమ్ముతాను. బొలీవార్ ఒప్పుకోకపోవడంలోనూ న్యాయం ఉంది. పెరూ అధినేతగా ఉన్న మనిషిని కింద పెట్టుకుని ఆజ్ఞ ఎలా ఇస్తాడు? ఒక సైన్యంలో ఇద్దరు జనరళ్లు ఉంటే సిపాయిలు ఎవరి వైపు చూడాలి?

#18 పాత అట్లాసు

ఇద్దరూ గదిలో జరిగిన మాటలు వెతుకుతున్నారు. నాకు మాత్రం జవాబు గది బయట, రెండేళ్ల ముందే ఉందనిపిస్తుంది.

1820 ఫిబ్రవరిలో బ్యూనస్ ఎయిర్స్ ప్రభుత్వం కూలిపోయింది. రాష్ట్రాలకు, రాజధానికి మధ్య సెపెదా దగ్గర యుద్ధం జరిగి కేంద్రమన్నదే లేకుండా పోయింది. అంతకు ముందే, సైన్యాన్ని వెనక్కి తెచ్చి మన లోపలి తగాదాలో దిగు అని ఆయనకు ఆజ్ఞ వెళ్లింది. ఆయన పాటించలేదు. నా దేశస్థుల మీద కత్తి దూయను అన్నది ఆయన జీవితాంతం పట్టుకున్న మాట. సరే, పాటించలేదు. ఇప్పుడు ఆ సైన్యం ఎవరిది? ఆజ్ఞ ఇచ్చిన ప్రభుత్వమే లేదు. 1820 ఏప్రిల్ 2న చిలీలోని రాంకగువాలో తన అధికారుల ముందు రాజీనామా ఉత్తరం పెట్టాడు. వాళ్లు దాన్ని తోసిపుచ్చి, ప్రజల మేలు కోసం మీరే ఉండాలని సంతకాలు పెట్టారు. అంటే, పెరూ వెళ్లిన సాన్ మార్తీన్ అధికారం కింది అధికారుల సంతకాల మీద నిలబడింది. వెనక దేశం లేదు, ఖజానా లేదు.

తర్వాత ఏమైందో చూడండి. పెరూలో వావురా దగ్గర జ్వరాలతో సైన్యం కరిగిపోయింది. నావికాదళాధిపతి కొక్రేన్ జీతాలు రాలేదని ఖజానా సొమ్ము పట్టుకుని ఓడలతో వెళ్లిపోయాడు. 1822 ఏప్రిల్‌లో ఈకా దగ్గర ఒక దళం మొత్తం ఓడింది. కొండల్లో స్పెయిన్ వైస్రాయ్ లా సెర్నా సైన్యం చెక్కుచెదరలేదు. ఆయన గ్వయాకిల్‌కు బయల్దేరగానే, జూలై 25న, లిమా పెద్దలు ఆయన మంత్రి మోంతెయాగూదోను గద్దె దించారు. తిరిగొచ్చేసరికి ఇంట్లోనే తలుపు మూసేశారు.

మెండోసాలో ప్రతి లాడం లెక్కపెట్టిన మనిషి, లిమాలో తన దగ్గర ఏముందో లెక్కపెట్టలేదంటారా? ఉన్నది సరిపోదని ఆయనకు గ్వయాకిల్ వెళ్లకముందే తెలుసు. బొలీవార్ సైన్యం ఇస్తాడేమో అడగడానికి వెళ్లాడు. ఇస్తానన్నది సరిపడా లేదు. తాను ఉంటే బొలీవార్ రాడు. బొలీవార్ రాకపోతే యుద్ధం ముగియదు. అందుకే వెళ్లిపోయాడు. రెండేళ్లకు హునీన్, ఆయాకూచో యుద్ధాలు గెలిచింది బొలీవార్, సూక్రేలు. ఆ సైన్యంలో ఆండీస్ దాటివచ్చిన గుర్రపు దళంవాళ్లు ఇంకా ఉన్నారు.

#19 కొండదారి

అట్లాసు గారూ, ఇది రెండుసార్లు చదివాను. నేను ఇన్నాళ్లూ అదొక రాత్రి తీసుకున్న నిర్ణయం అనుకుంటున్నాను. రాంకగువా సంతకాల వైపు ఎప్పుడూ ఇలా చూడలేదు.

#20 నల్లరేగడి

లిమాలో ఆయన కోరుకున్నది కూడా చెప్పాలి కదా. యూరప్ నుంచి ఒక రాకుమారుణ్ణి తెచ్చి పెరూకు రాజును చేద్దామని మనుషుల్ని పంపాడు. 'సూర్య పురస్కారం' అని కొత్త బిరుదులు పెట్టాడు. జనం గణతంత్రం కావాలంటుంటే రాజు ఎందుకు? లిమా ఆయన్ను వదిలేయడానికి అదీ ఒక కారణం. దీన్ని దాచి మాట్లాడితే అన్యాయం అవుతుంది.

#21 పాత అట్లాసు

అవును, అది ఆయన నిజంగా నమ్మిన విషయం. బ్యూనస్ ఎయిర్స్‌లో వరసగా ప్రభుత్వాలు పడిపోవడం చూసినవాడు. రాజు ఉంటే అరాచకం ఆగుతుందనుకున్నాడు. నా ఉద్దేశంలో తప్పు అంచనా. తనకు కిరీటం కోరుకోలేదన్నది మాత్రం నిజం.

#22 సుబేదార్ తాత

ఆ కొలిమి ఫాదర్ ఏమయ్యాడు? ఎవరూ చెప్పలేదు.

#23 కొండదారి

చెప్పడానికే మనసు రాలేదు తాతగారూ. బెల్త్రాన్ పెరూ దాకా వెళ్లాడు. సాన్ మార్తీన్ వెళ్లిపోయాక బొలీవార్ కింద త్రుహీయోలో ఆయుధశాల చూశాడు. 1824లో చెప్పిన గడువుకు తుపాకులు సిద్ధం కాలేదని బొలీవార్ కోపంతో కాల్పించేస్తానని బెదిరించాడంటారు. దాంతో మనిషికి మతి చలించింది. వీధుల్లో తిరిగాడు. తర్వాత కోలుకుని బ్యూనస్ ఎయిర్స్ చేరి, 1827లో పోయాడు.

#24 సుబేదార్ తాత

అయ్యో. గంటలు కరిగించి ఫిరంగులు పోసిన మనిషి!

#25 జాబిల్లి

కూతురి సంగతి నేను చెప్తాను. 1824లో ఏడేళ్ల మెర్సెదెస్‌ను తీసుకుని యూరప్ వెళ్లాడు. అమ్మమ్మ దగ్గర గారాబంగా పెరిగిన పిల్ల. తండ్రి ఎవరో సరిగ్గా తెలియదు. బ్రస్సెల్స్‌లో చిన్న ఇంట్లో, తక్కువ డబ్బుతో కాపురం. ఆ పిల్ల పెంపకం కోసం కొన్ని సూత్రాలు రాసుకున్నాడు. పురుగుల పట్ల కూడా దయగా ఉండాలి, అబద్ధం అసహ్యించుకోవాలి, రహస్యం కాపాడాలి, పేదవాళ్లను ప్రేమించాలి, ఇలాంటివి. యుద్ధం, కీర్తి ఊసు లేదు అందులో.

1829లో ఒకసారి ఓడలో బ్యూనస్ ఎయిర్స్ రేవు దాకా వచ్చాడు. అప్పటికి మళ్లీ అంతర్యుద్ధం. గవర్నర్ దొర్రేగోను కాల్చి చంపిన లవాయే ఒకప్పుడు ఈయన కింద పనిచేసిన అధికారే. ఓడ దిగలేదు. మోంతెవిదేయోలో కొన్నాళ్లు ఉండి వెనక్కి వెళ్లిపోయాడు. సొంత ఊరు కళ్ల ముందు కనిపిస్తుంటే ఓడ మీదే నిలబడి ఉండిపోవడం తలుచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

తర్వాత పారిస్ దగ్గర గ్రాన్ బూర్‌లో కూతురు, అల్లుడు, ఇద్దరు మనవరాళ్లతో ఉన్నాడు. మనవరాలు ఏడుస్తుంటే బైలెన్ పతకం ఇచ్చి ఆడుకోమన్నాడని ఒక కథ చెప్తారు. 1850 ఆగస్టు 17న బూలోన్ అనే ఫ్రెంచి రేవు పట్టణంలో, 72వ ఏట పోయాడు. రెమెదియోస్ విషయంలో నాకు ఇంకా కోపం ఉంది. కానీ కూతురు చివరిదాకా ఆయన్ను వదల్లేదు.

#26 గోదారి గట్టు

ఆయన కత్తి బ్యూనస్ ఎయిర్స్ పాలకుడు రోసాస్‌కు రాసిచ్చాడని చదివాను. ఆ రోసాస్ నియంత కదా?

#27 పాత అట్లాసు

నియంతే. 1844 వీలునామాలో రాశాడు. లండన్‌లో 1811లో కొన్న వంపు కత్తి, చకబూకోలోనూ మైపూలోనూ పట్టింది. ఫ్రాన్స్ నౌకలు బ్యూనస్ ఎయిర్స్ రేవును దిగ్బంధం చేస్తే రోసాస్ తలవంచలేదన్నదే కారణం. ఆ కత్తి ఇప్పుడు అర్జెంటీనాలో ఉంది. 1960లలో రెండుసార్లు దొంగిలించారు, రెండుసార్లూ దొరికింది. ఆయన అస్థికలు 1880లో బ్యూనస్ ఎయిర్స్ కథీడ్రల్‌కు చేరాయి, చనిపోయిన 30 ఏళ్లకు.

#28 సుబేదార్ తాత

కొండదారి బాబూ, ఆ ఉత్తరపు దారి, లోస్ పాతోస్, ఇప్పటికీ ఉందా? రోడ్డు వేశారా?

#29 కొండదారి

రోడ్డు లేదు తాతగారూ. ఇప్పటికీ కంచర గాడిదల మీదే వెళ్లాలి. సాన్ హువాన్ రాష్ట్రం నుంచి ఏటా వేసవిలో ఒక బృందం ఆ దారిన చిలీ సరిహద్దు దాకా వెళ్తుంది. ఎస్పినసీతో కనుమ దగ్గర 4,400 మీటర్లు దాటుతారు. ముందు వరసలో దారి తెలిసిన ముసలి కంచర గాడిదను నడిపిస్తారని విన్నాను.

#30 సుబేదార్ తాత

అదే పద్ధతి. మేమూ అలాగే చేసేవాళ్లం. మందలో పెద్దదాన్ని ముందు పెడితే మిగతావి దాని అడుగులోనే అడుగేస్తాయి. 4,400 అంటే గాలి పల్చనే. నాకు 71, ఇంట్లో ఒప్పుకోరు. మా మనవడు బెంగళూరులో చేస్తున్నాడు, కొండలంటే పిచ్చి. వాడికి ఈ చర్చ పంపాను. వెళ్తే జంతువుకు ఎంత బరువు కడుతున్నారో, రెండు పక్కలా సమంగా ఉందో లేదో చూసి, ఫొటో తీసి పంపమన్నాను.